నల్లా చెరిపి మధుశాల రాశాను

జగిత్యాల కాలేజీలో ఉర్దూ చెప్పడానికి కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య నాకు ఫోన్ చేసింది. "సార్, వచ్చే వారం గజల్ పాఠం ఉన్నది. మొదటిరోజు ఏం చెప్పాలె?" అని అడిగింది. ఛందస్సు గురించి నాలుగు మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేసిన తరువాత, అసలు చెప్పవలసింది చెప్పలేదని అనిపించింది.

కోరుట్లలో, జగిత్యాలలో, చివరికి మా ఊరు సిరిసిల్లలో, ముప్పై ఏళ్లకు పైగా ఉర్దూ కవిత్వం పాఠం చెప్పాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో ఎవరికీ అక్కరలేదు. ఆ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. అది తప్పని తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆ తప్పూ, అది నాకు తెలిసిన తీరూ మాత్రం ఆ అమ్మాయికి పనికొస్తాయి. ఆమెకోసమే ఇది రాస్తున్నాను.

మగ్గం ఇంట్లో ఉర్దూ

మా బాపు మగ్గం నేసేవాడు. నిజాం కాలంలో ఆయన చదివిన నాలుగు తరగతులూ ఉర్దూలోనే. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు గానీ ఉర్దూ పేపరు గడగడా చదివేవాడు. నేస్తూ నేస్తూ షేర్‌లు చెప్పేవాడు. గజల్‌లో రెండు పాదాల పద్యాన్ని షేర్ అంటారు. అలా రెండేసి పాదాలు వింటూ మగ్గం గుంట పక్కన కూర్చునే నేను ఉర్దూ నేర్చుకున్నాను.

ఎం.ఏ.లో ఉర్దూ తీసుకుంటానంటే చుట్టాలందరూ నవ్వారు. మా చిన్నాన్న ఇంటికి వచ్చి, "సాలోళ్ల పిలగానికి ఉర్దూ ఎందుకే అన్నా?" అని బాపును అడిగాడు. బాపు మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఆపకుండానే, "నాకు బువ్వ పెట్టింది గీ మగ్గం. సంతోషం పెట్టింది గా ఉర్దూ. వాడు సంతోషమే పనిగ పెట్టుకుంట అంటున్నడు. నీకేమాయె?" అన్నాడు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నా జీవితం చాలావరకు బాపు చెప్పినట్టే గడిచింది.

గైడులో ఉన్న జవాబు

కోరుట్లలో చేరిన మొదటి నెలలోనే ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సార్, గీ గజల్ ప్రియురాలి మీద అంటున్నరు. మరి 'ఆమె వచ్చింది' అని లేదు, 'అతడు వచ్చిండు' అని ఉన్నది. ఎందుకు?"

మంచి ప్రశ్న. పాత ఉర్దూ గజల్‌లో ప్రేమించేవాడూ మగవాడే, ప్రేమ పొందే మనిషీ వ్యాకరణం ప్రకారం మగవాడే. నాకు తెలిసిన జవాబు గైడులో ఉన్నదే. ఆడవాళ్లను బజారులో పేరుపెట్టి పిలవకూడదు కాబట్టి మర్యాదకోసం అలా రాశారని. అదే చెప్పాను. కుర్రాడు కూర్చున్నాడు. అది కొంతవరకే నిజమని నాకు తెలుసు. కొన్నిచోట్ల ఆ ప్రేమ దేవుడి మీద. కొన్నిచోట్ల నిజంగానే ఒక మగవాడికి ఇంకో మగవాడి మీద కలిగిన మోహం. ఆ చివరి మాటను చాలా ఏళ్లపాటు నేను తరగతిలో పలకలేదు. పలికితే ఏమవుతుందోనని భయం. ఎవరూ ఏమీ అనకముందే భయపడటం మన వృత్తిలో పెద్ద రోగం.

పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉండేది: ఆంగ్లేయుల పాలన వల్ల ఉర్దూ కవిత్వానికి కలిగిన మేలు ఏమిటి? దానికి నేను డిక్టేషన్ ఇచ్చే జవాబు ఇది. పూర్వం మన కవిత్వం విలాసంలో, మోహంలో మునిగి జబ్బుపడి ఉండేది. ఇంగ్లీషు చదువు వచ్చాక కళ్లు తెరిచింది. ప్రకృతి, నీతి, దేశం దానికి కొత్త వస్తువులయ్యాయి. విద్యార్థిగా ఆ జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. లెక్చరర్‌గా అదే రాయించాను. అది ఎవరి మాటో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

షాహీన్ గజల్

షాహీన్ డిగ్రీ రెండో సంవత్సరం. కోరుట్లలోనే ఉండేది. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. షాహీన్ పొద్దున ఆకు కత్తిరించి ఇచ్చి కాలేజీకి వచ్చేది. ఒకరోజు తరగతి అయిపోయాక నా బల్ల దగ్గర నిలబడి, "సార్, ఒకటి రాసిన. చూస్తరా?" అంది.

ఐదు షేర్‌ల గజల్. ప్రతి షేర్ చివరా ఒకే మాట రావాలి కదా, ఆమె ఎంచుకున్న మాట 'జాతీ హూఁ'. 'పోతాను' అని అర్థం. ఉర్దూలో ఆడమనిషి 'జాతీ హూఁ' అంటుంది, మగవాడు 'జాతా హూఁ' అంటాడు. నోరు తెరవగానే మాట్లాడేది ఎవరో తెలిసిపోతుంది. మొదటి షేర్‌కు అర్థం ఇది: మా వాకిట్లోనే నల్లా ఉంది, అయినా నీళ్లకోసం మీ గల్లీకే పోతాను. ఇంకొక షేర్‌లో, నీ చొక్కా ఆరేసిన తీగ మీదే నా దుపట్టా ఆరేసి, గాలి వచ్చేదాకా నిలబడి అప్పుడు పోతాను, అని రాసింది.

ఇంత మంచి షేర్‌లు నా విద్యార్థులెవరూ అంతకుముందు రాయలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఎర్రకలం తీశాను.

ఉర్దూలో గురువు శిష్యుడి కవిత్వాన్ని దిద్దడాన్ని ఇస్లాహ్ అంటారు. నేను చేసిన ఇస్లాహ్ ఇది. ప్రతి 'జాతీ'నీ 'జాతా' చేశాను. ఛందస్సు చెడలేదు, రెండు మాటల తూకమూ ఒకటే. ఇక మాట్లాడేది మగవాడయ్యాడు కాబట్టి నీళ్లకోసం పోవడం బాగోలేదు. నల్లా చెరిపి మధుశాల రాశాను. పాత గజల్‌లో ప్రేమికుడు పోవలసిన చోటు అదే కదా. దుపట్టా షేర్‌ను మొత్తానికే కొట్టేశాను.

షాహీన్ చూసింది. "సార్, గిది చెప్పేది నేను గదా. నేను ఆడదాన్ని గదా?"

"గజల్ సంప్రదాయం అంతే. పెద్ద పెద్ద ఉస్తాదులు గిట్లనే రాసిండ్రు" అన్నాను.

"నేను మధుశాల ఎన్నడు చూడలే సార్."

"నేను గూడ చూడలే" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో మాట తప్పించుకున్నాను.

ఆ నెలలోనే కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. ప్రిన్సిపాల్ కెమిస్ట్రీ మనిషి, మంచివాడు, కాస్త పిరికివాడు. "ఆడపిల్ల స్టేజీ ఎక్కి ఇష్క్ గిష్క్ అంటె తల్లిదండ్రులు వచ్చి నా మీద పడ్తరు. జర చూసుకోండ్రి" అన్నాడు. తప్పు ఆయన మీదకు తోసెయ్యడం సులువు. కానీ ఆయన ఆ మాట అనకముందే నేను దిద్దేశాను.

షాహీన్ స్టేజీ మీద నేను దిద్దిన గజల్ చదివింది. వాహ్ వాహ్ అని అందరూ మెచ్చుకున్నారు. వచ్చిన అతిథి నన్ను చూసి తలాడించాడు. నా ఛాతీ పొంగింది. దిగి వచ్చాక, "చూసినవా, ఎంత మంచిగ మెచ్చుకున్నరో" అన్నాను.

"గా వాహ్ వాహ్ మీకే సార్. నేను రాసింది ఇంకా నా దగ్గర్నే ఉన్నది" అంది. కోపంగా అనలేదు. మామూలుగా అని, వెళ్లి తన స్నేహితురాళ్ల పక్కన కూర్చుంది.

ఆ తరువాత ఆమె నాకు ఏమీ చూపించలేదు. నేనూ అడగలేదు. డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయింది.

సుల్తానా ఆపా వేసిన సున్నా

కొన్నేళ్లకు జగిత్యాల వచ్చాను. అక్కడ ఉర్దూ విభాగంలో నాకంటే సీనియర్ సుల్తానా మేడం. అందరూ ఆపా అనేవాళ్లు, అంటే అక్క. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు మూతలో పోసి ఇచ్చేది. ఎవరినీ ఊరికే పొగిడేది కాదు.

ఒకసారి ఇంటర్నల్ పరీక్షలో నా విద్యార్థుల పేపర్లు ఆమె దిద్దింది. ఆంగ్లేయుల పాలన వల్ల కలిగిన మేలు అన్న ప్రశ్నకు అందరికీ సున్నా వేసింది. పేపర్ల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"రాజేశం సాబ్, తరగతి తరగతంత ఒక్కటే జవాబు రాసిండ్రు. కామా గూడ ఒక్కతాన్నే ఉన్నది. గీ సున్నా పిల్లలకా, మీకా?"

"సిలబస్‌ల ఉన్నదే చెప్పిన గద ఆపా."

"సిలబస్ ఎవలు రాసిండ్రు? ఎవని మెప్పుకు రాసిండ్రు?" అని మూతలో టీ పోసి నా ముందుకు జరిపింది. "ఇంగ్లీషోడు మన మొగోళ్లను చూసి, వీళ్లు ఆడంగులు, వీళ్ల కవిత్వమంత ఏడుపు, మోహం అన్నడు. రాజ్యం పోయిన మొగోళ్లకు గా మాట మస్తు గుచ్చుకున్నది. సిగ్గుపడి ఏం జేసిండ్రు? కవిత్వంలకెల్లి మోహం తీసి కొండలు, వానలు, నీతులు పెట్టిండ్రు. ఆడోళ్ల మాటలల్ల రాసే పద్ధతి ఒకటుండె. దాన్ని బూతు అని అటకెక్కిచ్చిండ్రు."

నాకు కొంచెం పౌరుషం వచ్చింది. "అది రాసింది గూడ మొగోళ్లే గద ఆపా. ఆడోళ్లను ఆటపట్టిచ్చుకుంట రాసిండ్రు."

"అవు. గది గూడ పిల్లలకు చెప్పుండ్రి. నేను దాచిపెట్టమంటలేను. కని మా అమ్మమ్మ మాట్లాడే మాటలు గా రాతలల్లనన్న ఉండె. వాటిని తీసేసి, గా జాగల మమ్ముల కూసోబెట్టిండ్రా? లేదు. మాకు బడి పెట్టిండ్రు, మంచిదే. మేం ఏం చదవాలె, ఏం చదవద్దు అన్నది మళ్ల వాళ్లే రాసిండ్రు."

ఆ రోజు ఇంటికి పోతూ దాని గురించే ఆలోచించాను. మా ప్రాంతం నిజాం కింద ఉండేది. తెల్లదొర మా సిరిసిల్ల గల్లీలో నడిచాడని ఎవరూ చెప్పగా నేను వినలేదు. అయినా అతను పెట్టిన సిగ్గు ఎక్కడో ఉత్తరాన మొదలై, పాఠ్యపుస్తకాల మీదుగా ప్రయాణం చేసి, నా ఎర్రకలం దాకా వచ్చింది. షాహీన్ గజల్‌ను దిద్దినప్పుడు ఉస్తాదుల సంప్రదాయాన్ని కాపాడుతున్నాననుకున్నాను. సంప్రదాయం ఒక్కటే కాదు, ఆ సిగ్గు కూడా నా చేతిలో ఉంది.

మర్నాడు ఆపాకు షాహీన్ సంగతి చెప్పాను. నల్లా, మధుశాల, అంతా. ఆమె నవ్వలేదు.

"తర్వాత గా పిల్లను కలిసినవా?" మొదటిసారి నన్ను ఏకవచనంలో అడిగింది.

"లేదు ఆపా."

"మరి నాకెందుకు చెప్తున్నవు?"

కోరుట్ల ఎంతో దూరం కాదు, గంటలోపు ప్రయాణం. అయినా వెళ్లలేదు. పెళ్లయి ఉంటుంది, వాళ్లింట్లో ఏమనుకుంటారో అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక పని మాత్రం చేశాను. డిక్టేషన్ మానేశాను. మేలు ప్రశ్న వచ్చినప్పుడు, మేలు అని ఎవరన్నారు, ఎందుకన్నారు అని పిల్లలతో మాట్లాడించాను. స్త్రీలు స్త్రీలుగా రాసిన కొత్త కవిత్వం సిలబస్‌లో చివరన రెండు పేజీలుంటే, దాన్ని ముందుకు తెచ్చి మొదట చెప్పాను. ప్రేమించే మనిషీ మగవాడే, ప్రేమ పొందే మనిషీ మగవాడే అయిన షేర్‌లను ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆకాశం విరిగి పడలేదు. వెనక బెంచీలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు, అంతే. ఒక అబ్బాయి మాత్రం నవ్వకుండా, తల ఎత్తకుండా, ఆ షేర్‌ను పుస్తకంలో రాసుకున్నాడు. అతణ్ణి నేనేమీ అడగలేదు. ఇన్నేళ్లు ఆ పాఠం దాచి ఎవరికి ఏం దూరం చేశానో ఆ రోజు తెలిసింది.

తెలుగులో 'పోత'

సిరిసిల్ల నా చివరి మజిలీ. ఉర్దూ తరగతిలో పదిమందికి మించి ఉండేవాళ్లు కాదు. ముస్లిం పిల్లలు ఎక్కువ, మా ఊళ్లో సాంచాలనే మరమగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు. తక్కువమంది ఉండటం నాకు వరమే అయింది. షేర్ అర్థమైందో లేదో తెలియాలంటే దాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పమనేవాణ్ణి.

ఒకరోజు, రాసింది ఎవరో చెప్పకుండా, షాహీన్ షేర్ బోర్డు మీద రాశాను. ఆమె రాసినట్టే, 'జాతీ హూఁ' అని. సాంచాల కార్మికుడి కూతురు మౌనిక లేచి తెలుగులో చెప్పింది: "మా వాకిట్లనే నల్లా ఉన్నది, అయినా నీళ్లకు మీ గల్లీకే పోత."

చెప్పి ఆగిపోయింది. "సార్, తెలుగుల గిది ఎవలు చెప్తున్నరో తెలుస్తలేదు. 'పోత' అని ఆడోళ్లు అంటరు, మొగోళ్లు అంటరు."

"నీళ్లకు పోయేది ఆడోళ్లే గదా, తెలుస్తది" అన్నాడు పక్కనున్న ఇమ్రాన్.

"మా ఇంట్ల మా బాపు తెస్తడు" అంది మౌనిక.

తరగతంతా నవ్వింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఉర్దూలో 'నేను' అన్న చోట కూడా ఆడ, మగ తేడా ఉంది. తెలుగులో 'నేను' దగ్గర లేదు, 'వచ్చిండు', 'వచ్చింది' దగ్గర ఉంది. ఒక భాషలో దాగేది ఇంకొక భాషలో బయటపడుతుంది. ఇన్నేళ్లు చెప్పిన పాఠాన్ని ఆ రోజు మౌనిక నాకు చెప్పింది. ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఆదివారమే కోరుట్ల బస్సెక్కాను.

కోరుట్లలో

షాహీన్ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసింది వాళ్లాయన. ఆయనకు మొబైల్ రిపేర్ దుకాణం ఉంది. నా పేరు చెప్పగానే, "అచ్చా, మధుశాల సార్ మీరేనా? రాండ్రి, రాండ్రి" అన్నాడు. తల వంచుకుని చెప్పులు విడిచాను.

షాహీన్ వచ్చింది. నలభై దాటింది, కళ్లద్దాలు. కుశల ప్రశ్నలు అయ్యాక, వచ్చిన పని చెప్పాను. "నీ గజల్ పాడుచేసిన బిడ్డా. అది మంచిగున్నదని తెలిసి పాడుచేసిన. గా మాట చెప్పుదామని వచ్చిన. నువ్వు రాసుడు ఆపేసినవేమో అని ఇన్నేండ్లు మనసుల ఉన్నది."

"నేను రాసుడు ఆపలే సార్. మీకు చూపిచ్చుడు ఆపిన" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం వెంటనే నవ్వు రాలేదు.

"అప్పుడు మస్తు కోపమచ్చింది సార్. మీ మీద, నా మీద గూడ, ఎందుకు చదివిన అని. కని షేర్ అంటె ఏందో, తూకం అంటె ఏందో మీరు గాక నాకు ఎవలు చెప్పిండ్రు? గది గూడ మరువలే" అంది.

మౌనిక చెప్పిన మాట ఆమెకు చెప్పాను. షాహీన్ 'పోత', 'పోత' అని రెండుసార్లు పలికి చూసుకుంది. "మంచిగనే ఉన్నది సార్. తెలుగుల అయితె మా ఆయన గూడ చదువుకోవచ్చు, తనదే అన్నట్టు" అంది. ఆయన టీ కప్పులు పెడుతూ, "నాకు నల్లా రిపేరే వస్తలేదు, ఇంక షేర్ ఎక్కడ" అన్నాడు. ఆ తరువాత ఆమె తను రాసినవి చాలాసేపు చదివింది. నేను చేతులు కట్టుకుని విన్నాను.

నేను రిటైరైన ఏడాది, కోరుట్లలోని ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారం మధ్యాహ్నం ముషాయిరా, అంటే కవి సమ్మేళనం, పెట్టారు. నన్ను అధ్యక్షుడిగా పిలిచారు. షాహీన్ చదివితేనే వస్తానన్నాను. ఒప్పుకున్నారు.

ఆమె కొత్త గజల్ చదివింది. నలభై దాటిన చెయ్యి కూడా ఇంకో చేతిని వెతుకుతుంది, లెక్కలు చెప్పేదాన్ని, ఈ లెక్క ఎవరికి చెప్పను, అని ఒక షేర్. మొదటి నుంచి చివరిదాకా ఆడమనిషి గొంతే. ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచి బయటకు వెళ్లాడు. వాహ్ అనాలో వద్దో తెలియక మగవాళ్లందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా ఆడవాళ్ల వరుసల్లోంచి ఒక ముసలామె గొంతు వినిపించింది.

"మళ్లొకసారి చదువు బిడ్డా!"

ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. షాహీన్ మళ్లీ చదివింది. ఈసారి వాహ్ వాహ్ ఆడవాళ్ల వైపు మొదలై హాలంతా పాకింది. బయటకు వెళ్లిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి విన్నాడు.

సభ అయిపోయాక బయట ఆటోకోసం నిలబడ్డాం. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చివరికి చెప్పాను. "మూడో షేర్‌ల రెండో పాదం ఒక మాత్ర తక్కువున్నది."

"ఎక్కడ సార్?"

చూపించాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అవు సార్, తక్కువనే ఉన్నది. లెక్కల టీచర్‌నై లెక్క తప్పిన" అని నవ్వింది. నాకు వెంటనే ఒక మాట తట్టింది, సరిగ్గా సరిపోయే మాట. పలకలేదు. ఆమె అక్కడే ఫోన్ తీసి, రెండు మాటలు రాసి చెరిపి, మూడోది రాసి చదివి వినిపించింది. నాకు తట్టిన మాట కాదు. అంతకంటే మంచిది.

"ఇప్పుడు?" అంది.

"ఇప్పుడు సరిపోయింది బిడ్డా" అన్నాను.